ఏడో హోల్ దగ్గర నేను రాసిన నాలుగు

ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన నేను, మంగళవారం మహిళల గోల్ఫ్ లీగ్‌లో అందరిచేతా "కామా" అని పిలిపించుకునే నేను, డెబ్బై రెండేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, నిలకడైన మనసుతో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. జూన్ ఇరవయ్యో తేదీన నాకు గుండె కవాటం మార్చే ఆపరేషను ఉంది. భయపడాల్సింది ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. నేను భయపడి రాయడం లేదు. అచ్చుకు వెళ్ళేముందు ఆఖరిసారి చదువుకోవడం నా ఉద్యోగపు అలవాటు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. నా తదనంతరం ఇంకేదైనా బయటపడితే, అందులో అక్షర దోషాలున్నాయేమో చూడండి. ఉంటే అది నాది కాదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా కూతురికీ, మా లీగ్ కార్యదర్శి అయిన పళ్ళ డాక్టరమ్మకీ ఉమ్మడిగా అప్పగిస్తున్నాను. కూతురు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు, తొందరపడే రకం కాదు. డాక్టరమ్మ నొప్పి తెలియకుండా పని కానిచ్చే మనిషి. ఇద్దరికీ మాట కలవకపోతే డాక్టరమ్మ మాటే చెల్లవలెను. కూతురు నా మీద ప్రేమకొద్దీ పొరపాటు చెయ్యగలదు. డాక్టరమ్మకి ఆ ఇబ్బంది లేదు.

2. నేనుంటున్న కింది వాటా, అందులోని సామాను సమస్తం నా కూతురికి సర్వహక్కులతో చెందవలెను. ఒక్క షరతు. పై వాటాలో నా తోడికోడలు ఉంటుంది. మావారి అన్నగారి భార్య. నాకు అక్క, నా కూతురికి పెద్దమ్మ. ఆమెకి ఆరేళ్ళుగా చూపు సరిగా లేదు. చూపు మధ్యలో నల్లటి మచ్చ, చుట్టూ అంచులు మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి మేడమెట్లకి రెండో వైపు కూడా కమ్మీ వేయించాలి. ప్రతి మెట్టు అంచుకీ ఏడాదికోసారి తెల్ల రంగు వెయ్యాలి. పెద్దమ్మ "నాకెందుకే ఇవన్నీ" అంటుంది. అననీ. నువ్వు రంగు వెయ్యి.

మావారి చేతి గడియారం కూడా కూతురికే. అది పది నిమిషాలు ముందు నడుస్తుంది. బాగుచేయించకు. నేను ఎక్కడికి బయల్దేరినా ఆలస్యం చేస్తానని ఆయన దాన్ని అలా తిప్పి పెట్టారు. ఆ సంగతి నాకు పెళ్ళైన పన్నెండేళ్ళకి తెలిసింది. తెలిసినట్టు ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

3. గోల్ఫ్ మైదానం పాత మేనేజరుకి నా గుడ్డటోపీ ఇవ్వవలెను. ఇరవయ్యారేళ్ళ క్రితం నలుగురు ఆడవాళ్ళం ఆయన ఆఫీసులో నిలబడి వారానికి ఒక పూట అడిగితే, ఆయన రిజిస్టరులోంచి తలెత్తకుండా, "మగవాళ్ళు ఆడగా మిగిలిన టైము మీదేనమ్మా, మధ్యాహ్నం ఒంటిగంట" అన్నాడు. మూడేళ్ళు నడినెత్తిన ఎండలో ఆడాం. నీడ కూడా కాళ్ళకింద దాక్కునేది. నాలుగో ఏడు మంగళవారం ఉదయం మాకిచ్చింది ఆయన మంచితనం కాదు, ఆయన భార్య లీగ్‌లో చేరడం. టోపీ ఉతకకుండా ఇవ్వండి.

4. నా గోల్ఫ్ కర్రల్లో ఏడో నంబరుది తప్ప మిగిలినవన్నీ లీగ్‌కి. సొంత కర్రలు లేని వాళ్ళెవరైనా వాడుకోవచ్చు. ఏడో నంబరు కర్ర ఏటా కొత్తగా చేరినవాళ్ళకి బహుమతి. గెలిచినందుకు కాదు. బంతి మొదటిసారి నేలవదిలి గాల్లోకి లేచిన రోజున ఇవ్వాలి, ఏడాది తర్వాత తిరిగి తీసుకుని ఇంకొకరికి ఇవ్వాలి. నా బంతి లేవడానికి ఐదు నెలలు పట్టింది. లేచిన రోజు మా అక్క తన కర్ర కింద పడేసి నన్ను నడుం పట్టుకుని ఎత్తేసింది.

5. వెండిపూత కప్పు. ఇది నా అల్మారాలో పై అరలో, చీరల వెనక, గుడ్డలో చుట్టి ఉంది. ఇది మా అక్కకి చెందవలెను. ఎందుకో చెప్పకుండా ఇవ్వడం కుదరదు.

మా అక్క బేకరీలో ఓవెన్ల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసింది. లీగ్‌లో ఆమె పేరు బన్ను అక్క. పిండి పిసికిన చేతులు కదా, ఆమె కొడితే బంతి ఎక్కడ పడిందో వెతకడానికి ఇద్దరం వెళ్ళాల్సొచ్చేది. ఇద్దరం ఒకే ఏడు ఆట నేర్చుకున్నాం, ఒకే సంచీలో కర్రలు పెట్టుకుని ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం.

లీగ్ తొమ్మిదో ఏడు ఫైనల్లో ఆమే నేనూ ఒక జట్టుగా బయల్దేరాం, లెక్క మాత్రం ఎవరిది వాళ్ళదే. పద్ధతి ప్రకారం ఆమె కార్డులో దెబ్బలు నేను రాయాలి, నా కార్డులో ఆమె రాయాలి, ఆట అయ్యాక ఎవరి కార్డు వాళ్ళు చూసుకుని సంతకం పెట్టాలి. ఏడో హోల్ దగ్గర ఆమె బంతి ఇసుక గుంటలో పడింది. బయటికి తియ్యడానికి రెండు దెబ్బలు పట్టాయి. గుంతలో వేసేసరికి మొత్తం ఐదు. నేను నాలుగు అని రాశాను. నా బంతి గురించి ఆలోచిస్తూ రాశాను. ఒక పుస్తకంలో ఒత్తు తప్పితే మూడు రోజులు నిద్రపట్టని దాన్ని, నాలుగు అని రాశాను.

ఆమె సంతకం పెట్టింది. కార్డులు అందజేశాం. అప్పుడు లీగ్ కార్యదర్శిని నేనే. బోర్డు మీద అంకెలు ఎక్కిస్తుంటే ఏడో గడి దగ్గర నా చెయ్యి ఆగింది. కొట్టిన దెబ్బలకన్నా తక్కువ చూపించే కార్డు మీద సంతకం పెడితే పోటీలోంచి తీసేయాలి. రాసినవాళ్ళకి శిక్ష లేదు, సంతకం పెట్టినవాళ్ళకే. ఇంకెవరూ గమనించలేదు. నేనే అందరి ముందూ చెప్పాను.

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాళ్ళే గెలుస్తారు. మా అక్క సరైన లెక్కన తొంభై ఒకటి. నేను తొంభై రెండు. ఐదు అని రాసినా ఆమే గెలిచేది. ఆమెని తీసేశాక కప్పు రెండో స్థానంలో ఉన్న నా చేతికి వచ్చింది.

ఆమె బూట్లు విప్పి సంచీలో పెట్టుకుంది. నా దగ్గరికొచ్చి "బాగా ఆడావు" అంది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆమె నాతో మాట్లాడిన మాటలు ఒక పేజీకి సరిపోవు. "మోటారు కట్టేశావా", "పోస్టు వచ్చింది", "గేటు వేసుకో". మావారు పోయిన రోజున పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుంది గానీ మాట్లాడలేదు. నేను కావాలనే అలా చేశానని ఆమె నమ్ముతోందని నేననుకున్నాను. లీగ్‌లో సగం మంది నమ్మారు. కప్పు ఒక్కరోజు కూడా బయట పెట్టలేదు.

ఆరేళ్ళ క్రితం, చూపు పోయిన కొత్తలో, ఆమె ప్రాక్టీసు చేసేచోట ఒంటరిగా కనిపించింది. బంతి కొట్టి, తల పక్కకి వంచి, కంటి అంచుతో వెతుక్కుంటూ, "ఎక్కడ పడింది?" అని గాలిని అడిగింది. నేను వెనక నిలబడి ఉన్నాను. "ఎడమకి. మొదటి చెట్టు దాటింది" అన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. ఇంకో బంతి పెట్టుకుంది. "ఇది?" "తిన్నగా." "ఇది?" "ఇది పాడైంది అక్కా, నేలబారున పోయింది." బంతుల బుట్ట ఖాళీ అయ్యేదాకా అడిగింది, అయ్యేదాకా చెప్పాను. ఆ రోజు ఒకే బస్సులో ఇంటికొచ్చాం. అప్పటినుంచి ప్రతి మంగళవారం ఆమె కొడుతుంది, నేను చూస్తాను. ఆ కార్డు సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

6. లీగ్ నిబంధనలు, బహుమతులు. సభ్యులు ఒప్పుకుంటే ఇవి నా పేరిట చేర్చవలెను.

(అ) సంతకాలకి ముందు, రాసినవాళ్ళు కార్డులోని ప్రతి అంకె బయటికి చదవాలి, ఆడినవాళ్ళు "ఔను" అనాలి. ప్రెస్సులో మేం అలాగే చేసేవాళ్ళం. ఒకరి కంటికి అందని తప్పు ఇంకొకరి చెవికి అందుతుంది.

(ఆ) పిల్లల పరీక్షలకీ, అత్తగారి ఒంట్లో బాగోలేనందుకూ ఆట మానేసినవాళ్ళ పేరు జాబితాలోంచి తీసేయకూడదు. సొంత ఒంట్లో బాగోలేదని మానేసేవాళ్ళు మన లీగ్‌లో ఎలాగూ లేరు.

(ఇ) ఏటా మొదటి స్థానం వచ్చినవాళ్ళకి బహుమతి ఒక బాధ్యత. వచ్చే ఏడాది అంతా మంగళవారాలు మా అక్క వెనక నిలబడి ఆమె బంతి ఎక్కడ పడిందో చెప్పాలి. నీళ్ళలో పడితే నీళ్ళలో పడిందనే చెప్పాలి. జాలిపడి అబద్ధం చెబితే ఆమె గొంతులోనే పసిగడుతుంది, ఆ రోజుకి ఆట మానేస్తుంది. చెప్పేటప్పుడు ఆమె కుడి భుజం వెనక నిలబడండి. ఎడమ చెవి కూడా అంత బాగా లేదు. ఇది బహుమతి ఎలా అవుతుందని ఎవరైనా అడిగితే, ఒక్క మంగళవారం నిలబడి చూడమనండి.

పైన రాసిన ఆరు అంశాలూ మే ముప్పై ఒకటి, శుక్రవారం పూర్తయ్యాయి. కింది రెండూ తర్వాత చేరినవి. పాతదేదీ కొట్టేయలేదు. దిద్దుబాటు దిద్దుబాటులా కనిపించాలి.

7. శనివారం సాయంత్రం పైకి వెళ్ళి ఇదంతా అక్కకి చదివి వినిపించాను. మెట్ల రంగు దగ్గర "నాకెందుకే ఇవన్నీ" అంది. టోపీ దగ్గర నవ్వింది. ఐదో అంశం వింటున్నంతసేపూ టేబులు మీద గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అయ్యాక అంది:

"నేను చూశానే."

ఏం చూశావన్నాను.

"నాలుగు అని రాసి ఉండటం. సంతకం పెట్టేముందు చూశాను. అప్పుడు నా కళ్ళు బాగానే ఉన్నాయిగా. డాక్టరమ్మ ముందు జట్టులో వెళ్ళింది, తనెంత కొట్టిందో మనకి తెలీదు. ఒక్క దెబ్బే కదా అనుకున్నా. పెట్టేశా. నువ్వు బోర్డు దగ్గర ఆగిపోయినప్పుడే నాకు అర్థమైపోయింది."

మరి పదకొండేళ్ళు నా మీద కోపంగా ఎందుకున్నావని అడిగాను.

"కోపం ఎవరికే? నీ మొహం చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు. నువ్వేమో తప్పు నీదేనన్నట్టు తలొంచుకుని తిరిగేదానివి. అది చూస్తే ఇంకా నోరు లేచేది కాదు."

ఇద్దరం చాలాసేపు ఏడ్చాం, తర్వాత ఆకలేసింది. ఈ మాటలన్నీ ఉన్నవున్నట్టు రాయమని ఆమే చెప్పింది. కప్పు మాత్రం ససేమిరా వద్దంది.

కాబట్టి ఐదో అంశంలోని దానం ఇందుమూలంగా మారుస్తున్నాను. కప్పు లీగ్‌కి చెందవలెను. కార్డులో తన పొరపాటుని ఇంకెవరూ పట్టుకోకముందే తానే బయటపెట్టినవాళ్ళకి, వాళ్ళు ఓడినా సరే, ఆ ఏడాది కప్పు ఇవ్వాలి. వాళ్ళ పేరు దాని మీద చెక్కించాలి. ఇద్దరు ముగ్గురుంటే అందరివీ చెక్కించండి, చోటు బోలెడుంది. మొదట మా ఇద్దరి పేర్లూ ఉండాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఎవరిది పైన ఉండాలన్న దగ్గర తేడా వచ్చింది. తప్పు రాసింది నేను కాబట్టి నాది పైన అన్నాను. తెలిసి సంతకం పెట్టింది తను కాబట్టి తనది పైన అంది. ఆదివారం, సోమవారం కూడా తెగలేదు. ఆఖరికి డాక్టరమ్మ తీర్పు చెప్పింది: మంగళవారం ఉదయం తొమ్మిదో హోల్ గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద, పది అడుగుల దూరం నుంచి చెరొక బంతి. గుంతలో వేసినవాళ్ళ పేరు పైన. ఇద్దరివీ పడకపోతే దగ్గరగా ఆగినవాళ్ళది.

8. నిన్న, జూన్ నాలుగు, మంగళవారం ఉదయం, పోటీ జరిగింది. లీగ్ మొత్తం గట్టు మీద కూర్చుంది. ముందు నేను కొట్టాను. బంతి గుంత అంచు చుట్టూ తిరిగి బయట ఆగింది. "పడిందా?" అని అడిగింది అక్క. లేదన్నాను. "నిజంగానా?" "నిజంగానే."

తన వంతు వచ్చినప్పుడు ఆమెకి గుంతలో నిలబెట్టిన జెండా కూడా కనిపించడం లేదు. ప్రత్యర్థి సాయం చెయ్యకూడదని నిబంధన. డాక్టరమ్మ కార్యదర్శి కదా, అటు తిరిగి చెట్లని చూస్తూ నిలబడింది. నేను గుంత వెనక నిలబడి, "నా గొంతు వైపు కొట్టు అక్కా. కాస్త ఎగువ. మామూలుకన్నా గట్టిగా" అన్నాను. ఒక్క అడుగు పక్కన నిలబడి చెప్పి ఉంటే నా పేరు పైన ఉండేది. ఆ ఆలోచన రాలేదని రాస్తే ఈ కాగితం మీద అది ఇంకో తప్పు అవుతుంది. వచ్చింది. నిలబడవలసిన చోటే నిలబడ్డాను.

ఆమె పాదాలు సర్దుకుంది. కొట్టింది. బంతి తడిగడ్డి మీద గీత గీసుకుంటూ వచ్చింది. చెబుదామని నోరు తెరిచాను. ఈలోపే గుంత అడుగున టక్కున మోగింది. అది ఆమెకి నేను చెప్పనక్కరలేకపోయింది. కర్ర రెండు చేతులా నెత్తిమీదికెత్తి, చెట్ల వైపు తిరిగి ఉన్న డాక్టరమ్మ ఉలిక్కిపడేలా అరిచింది.

కాబట్టి చెక్కేవాళ్ళు గమనించవలెను: పై వరస బన్ను అక్క. కింది వరస కామా. అక్షరాలు ఒకే సైజులో.

జూన్ ఐదు, 2024, బుధవారం. మా ఇంటి కింది వాటాలో, వరండాలో.

(సంతకం) కామా

సాక్షులు, ఈ వీలునామా వల్ల ఏమీ పొందనివారు, నేను సంతకం చేస్తుండగా చూసి తామూ సంతకం చేసినవారు:

(సంతకం) ప్రెస్సులో నాతో పనిచేసిన బైండరు

(సంతకం) మైదానంలో గడ్డికోత యంత్రం నడిపే ఆమె. మంగళవారం ఉదయం యంత్రం ఆపి, బంతి గుంతలో పడటం కళ్ళారా చూశానని కూడా రాయమంది. రాశాను.