మెడల్ తెచ్చిన మౌనం

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఐదేళ్లు. ఇవాళే నీ కూతురు లహరిని ఏలూరులో డాక్టరమ్మకి చూపించాం. క్లాసులో లేచి పాఠం చదవమంటే దానికి చేతులు చెమటలు పట్టి గొంతు పెగలదట. నెల రోజులుగా బడికే వెళ్లడం లేదు.

"పొగరూ కాదు, బద్ధకమూ కాదండీ. నలుగురిలో నోరు విప్పాలంటే భయం. నయమవుతుంది. వారం వారం తీసుకురండి, కొద్దికొద్దిగా అలవాటు చేద్దాం" అన్నారావిడ.

అరగంటలో తేలిపోయింది. నీకు ఆ అరగంట ఎవరూ ఇవ్వలేదు. పెదవి విప్పవని కాన్వెంటులో నీకు క్రమశిక్షణ మెడల్ ఇచ్చారు. అది తీసుకోడానికి స్టేజీ ఎక్కలేక నువ్వు బాత్రూంలో దాక్కుంటే, ఎంత సిగ్గో అని ముచ్చటపడ్డారు! పదో తరగతితో చదువు మానేస్తే బుద్ధిమంతురాలన్నారు.

ఆకివీడులో చేపల చెరువుల పని ఆపుకుని వచ్చిన బావగారు ఆవిడ మాటకి నవ్వేశారు. "వాళ్లమ్మా ఇంతేనండీ. నోట్లో నాలుక ఉండేది కాదు. బంగారం! ఆడపిల్లకి దీనికీ వైద్యమేంటండీ?"

లహరి తల దించుకుంది. ఆయన ముందు ఎప్పుడూ మాట్లాడని నేను అన్నాను, "మా అక్క భయంతో బతికింది బావగారూ. వచ్చే మంగళవారం దీన్ని నేనే తీసుకొస్తాను."

గొంతు వణికింది. అయినా చివరిదాకా అన్నాను. నీ కోసం కూడా ఎవరో ఒకరు అనాల్సింది.

నీ చెల్లి