ముక్కు సంతకం

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తయ్య, అమ్మాయి, నేను ముగ్గురమూ క్షేమం. ఓడ, ఓడలో మీ వంటగది, వంటగదిలో మీరు కూడా అదే వరసలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈసారి కవరు బరువుగా ఉందని కంగారు పడకండి. చెడ్డ కబురేమీ లేదు. ఉన్నది మంచి కబురే, కాకపోతే మొదటినుంచీ చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఫోన్లో చెబుదామంటే సగం మాటలు సముద్రమే మింగేస్తుంది.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే ఎవరూ పట్టించుకోరేమోనని మా ముందు మాత్రం కుంటుతున్నారు. అమ్మాయి లెక్కల్లో గట్టెక్కింది. మీ పాత షేవింగ్ బ్రష్ అద్దం వెనక లేదు, అలాగని పారేయనూ లేదు. నేనే తీసుకున్నాను, ఎందుకో ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది. ఇక మీరు పంపి, మూడు ఉత్తరాలుగా అడుగుతున్న సెంటు సీసా సంగతి. వాసన ఎలా ఉంది, నచ్చిందా లేదా, ఉలుకూ పలుకూ లేదేం అని ఈసారి కాస్త కోపంగానే రాశారు. మీ కోపం న్యాయమే. దానికి జవాబు చివర్లో ఉంది. పేజీలు దాటేసి ముందే అక్కడికి వెళ్లారో, నా మీద ఒట్టే.

మా షెడ్డు మీరు చూసిందే. మంచం, పొయ్యి, ఫ్రిజ్, హీటరు, అన్నీ ఒక బస్సంత బండిలో అమర్చి పంపుతాం. జనం క్యారవాన్ అంటారు, మేం ఇల్లుబండి అంటాం. వెనక అరలో గ్యాస్ సిలిండరు, అక్కడినుంచి నేల కిందుగా రాగి గొట్టం. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. పొగలా పైకి పోదు, నీళ్లలా కిందికి దిగుతుంది. అందుకని నేలలో పిడికిలి పట్టేంత కంతలు పెడతాం. ఎక్కడైనా లీకైతే ఆ కంతల్లోంచి జారి బయటికి పోతుంది. అవి మూసుకుపోయాయంటే, తలుపులేసుకుని పడుకున్నవాళ్ల కింద గ్యాస్ తొట్టి కట్టినట్టే.

ఒక్కో కొత్త బండిలో గ్యాస్ సరిగ్గా ఉందని ఆఖరి సంతకం పెట్టేది నేను. పద్ధతి ప్రకారం గొట్టంలోకి గాలి కొట్టి, గేజి ముల్లు పడిపోతుందేమో పావుగంట చూడాలి. ప్రతి అతుకుకీ సబ్బునీళ్లు రాసి బుడగలు లేస్తాయేమో చూడాలి. కానీ మా షెడ్డులో నా పేరు ముక్కమ్మ. ఆరేళ్ల కిందట ఒకసారి గేజికి దొరకని లీకు నా ముక్కుకి దొరికింది. అంతే, గేజి పెట్టెలోకి వెళ్లిపోయింది. గ్యాస్ తిప్పడం, నేను ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి "ఏం లేదు" అనడం, సంతకం పెట్టడం. పది నిమిషాల పని. మా ఫోర్‌మన్ దానికి ముక్కు సంతకం అని పేరు పెట్టాడు. నేనూ తక్కువదాన్నేం కాదు, ఆ మాట విన్నప్పుడల్లా ఉబ్బిపోయేదాన్ని.

ఎనిమిది నెలల కిందట నేను ఆ అలవాటు మానేశాను. ఎందుకు మానేశానో కాసేపట్లో చెబుతాను. గేజి బయటికి తీసి దుమ్ము తుడిచాను. సబ్బునీళ్లు రాయడానికి కుంచెలన్నీ బిరుసుగా ఉంటే మీ బ్రష్ పట్టుకెళ్లాను. మూలల్లోకి దూరుతుంది, నురగ నిలుస్తుంది, మీ గడ్డం మీద చేసిన పనే గొట్టాల మీదా చేస్తుంది. కాకపోతే పది నిమిషాల పని గంటకు పైగా పట్టేది. ఫోర్‌మన్ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత నాకు చాదస్తం ముదిరిందని వినపడేలా అనడం మొదలుపెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. బండి గడువుకి గేటు దాటకపోతే ఆయనకి అన్నం సయించదు, అంతే.

ఇంతలో కొత్త రకం బండ్లు వచ్చాయి. మొత్తం పన్నెండు. దుమ్మూ ఎలుకలూ లోపలికి రాకుండా వీటికి నేల కింద పొడుగునా ప్లాస్టిక్ ట్రే బిగించారు. అందులో మొదటి బండి ఒక రిటైరైన టీచర్ల జంటది. ప్రతి శనివారం వచ్చి బండిని చూసుకుని వెళ్లేవారు. టీచరమ్మ తనే కర్టెన్లు కుట్టి తెచ్చింది. ఒకరోజు మంచం మీద పడుకుని, కాళ్లు సరిపోయాయో లేదో చూసుకుని, నాతో అంది, "నలభై ఏళ్లు గంట కొడితే లేచామమ్మా. ఇకమీదట మెలకువ వచ్చినప్పుడే లేస్తాం." ఆ మాటకి నాకు ఎంత ముచ్చటేసిందో.

శుక్రవారం పొద్దున వాళ్లు బండి తీసుకెళ్లాలి. గురువారం మధ్యాహ్నం గాలి కొట్టి చూస్తే పావుగంటలో ముల్లు ఒక గీత దిగింది. అతుకతుకుకీ సబ్బు రాశాను. ఒక్క బుడగ రాలేదు. ఫోర్‌మన్ వచ్చి గ్యాస్ తిప్పించాడు. వడ్రంగుల్నీ రంగులేసేవాళ్లనీ పిలిచి ఒక్కొక్కరినే లోపలికి పంపాడు. అందరూ పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలా బండంతా కలియదిరిగి, వాసనేం లేదు పొమ్మన్నారు. "ఇన్ని ముక్కులు లేదంటుంటే ఒక్క ముల్లు ఉందంటే ఎలా నమ్మేది?" అన్నాడు ఫోర్‌మన్. గేజి పాతదై ఉంటుందన్నాడు. కొత్తది తెప్పించి పెట్టాను. అదీ ఒక గీత దిగింది. నాకు టీచరమ్మ మాటే చెవిలో మోగుతోంది, మెలకువ వచ్చినప్పుడే లేస్తాం అని. నేల కింద గ్యాస్ నిండిన బండిలో తలుపులేసుకుని పడుకుంటే ఇక మెలకువ ఎక్కడిది? సిలిండరు కట్టేసి, సంతకం పెట్టనని చెప్పి ఇంటికి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున షెడ్డు యజమానురాలే వచ్చింది. టీచర్లిద్దరూ సామాను సంచులతో సహా దిగారు. ఫోర్‌మన్ అందరి ముందూ అన్నాడు, "మేడమ్, ముక్కమ్మ ముక్కు ముందు ఈ గేజిలెంత? ఆవిణ్ణే లోపలికి వెళ్లి రమ్మనండి. వాసన వస్తే బండి ఆపుతాను, రాకపోతే సంతకం పెట్టాలి." ఆయన దాన్ని నాకిచ్చే గౌరవం అనుకునే అన్నాడు. లోపలికి వెళ్లి వచ్చాను. మేడమ్ అడిగింది, వాసన వస్తోందా అని.

ఏమండీ, అబద్ధం నా నాలుక చివరే ఉంది. వస్తోంది అంటే చాలు, ముక్కమ్మ మాట కాదనేవాడు ఆ షెడ్డులో లేడు. బండి ఆగేది, నా ఉద్యోగమూ నిలిచేది. కానీ ఇవాళ నా ముక్కు మాట మీద ఆగిన బండి, రేపు ఇంకెవరి ముక్కు మాట మీదో బయల్దేరుతుంది. గేజి మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతుంది.

"నాకు ఏ వాసనా రాదు మేడమ్. ఎనిమిది నెలలైంది" అన్నాను.

అవునండీ. ఇన్నాళ్లూ మీ దగ్గర దాచింది ఇదే. మీరు సెలవులో రావడానికి నెల ముందు నాకు జ్వరం వచ్చిందని రాశాను కదా, ఆ జ్వరం పోతూ పోతూ నాకు వాసన తెలిసే శక్తిని పట్టుకుపోయింది. డాక్టరు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మీరున్న నెల రోజులూ రోజుకో వంట చేసి, ఇందులో ఏం వేశానో చెప్పుకో అని నా ముందు పెట్టేవారు. నేను భోజనానికి కూర్చునే ముందు చెత్తబుట్టలో తొక్కలు చూసి వచ్చేదాన్ని. వెల్లుల్లి పొట్టు కనపడితే వెల్లుల్లి అనేదాన్ని. మీరు మురిసిపోతుంటే నాకు ముద్ద దిగేది కాదు. గడపలోంచే గిన్నెలో ఉప్పు తక్కువైందని చెప్పే పిల్ల దొరికిందని మీరు నన్ను ఇష్టపడ్డారు. ఆ పిల్ల ఇక లేదని తెలిస్తే ఎవరికోసం వండుతారని భయపడ్డాను. తప్పు చేశాను, క్షమించండి.

ఇంట్లో అత్తయ్య ఒక్కరికే తెలుసు. నేను పక్కనే నిలబడి ఉండగా పాలు అడుగంటి మాడిపోయాయి, ఆవిడ పెరట్లోంచి పరుగున వచ్చారు. స్టవ్ కట్టేసి నా మొహం చూశారు. అప్పుడు ఆవిడ అన్నది ఒక్కటే మాట. "నీ ముక్కు పని నేను చేస్తాను, నా మోకాలి పని నువ్వు చెయ్యి." ఆ రోజునుంచి పాలూ కూరా ఆవిడే వాసన చూసి నాకు అందిస్తున్నారు. మీకు చెప్పనని మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు. ఆవిణ్ణి ఏమీ అనకండి.

మళ్లీ షెడ్డుకి వద్దాం. అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఫోర్‌మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయితే ఎనిమిది నెలలుగా ఒక్క గేజినీ సబ్బునీ నమ్మే సంతకాలు పెట్టారా?" అన్నాడు. కాగితాలు తెప్పించమన్నాను. ప్రతి బండికీ గేజి ఎంత చూపించిందో, ఏ అతుకు ఎప్పుడు చూశానో నా చేతిరాతతో ఉంది. మేడమ్ కళ్లజోడు పెట్టుకుని తిరగేసింది. ఈ ఎనిమిది నెలల్లో గ్యాస్ కోసం వెనక్కి వచ్చిన బండి ఒక్కటీ లేదు. అంతకు ముందు ఏడాదిలో మూడు వచ్చాయి. ఆ మూడింటి మీదా ఉన్నది నా ముక్కు సంతకమే, అది కూడా నేనే చెప్పాను. ఎవరికీ ఏమీ కాకపోవడం నా అదృష్టం, నా గొప్ప కాదు.

అప్పుడు మేడమ్ ఏం చేద్దామని నన్నే అడిగింది. బండిని తోసుకుంటూ ఆరుబయటికి తెమ్మన్నాను. మోటారు వెయ్యొద్దు, లైటు వెయ్యొద్దు, కరెంటు పనిముట్లు వద్దు, చేత్తోనే ట్రే విప్పండి అన్నాను. ఫోర్‌మనే నేల మీద పడుకుని విప్పాడు. ట్రే ఓ పక్కకి వాలిందో లేదో, ముందు రోజు నుంచి అందులో కూర్చున్న గ్యాస్ ఒక్కసారిగా బయటపడింది. అన్ని ముక్కులూ ఒకేసారి పని చేశాయి. వడ్రంగులు ఒకవైపు, రంగులవాళ్లు ఒకవైపు చీరకొంగులూ చొక్కాలూ అడ్డం పెట్టుకుని పరుగో పరుగు. మధ్యలో నేనొక్కదాన్నే హాయిగా నిలబడ్డాను.

గాలికి అంతా పోయాక చూశాం. నేలలో మేం పెట్టిన కంతలన్నిటినీ ట్రే కిందినుంచి మూసేసింది, అందుకే గ్యాస్ ట్రేలోనే ఉండిపోయి లోపల ఎవరి ముక్కుకీ అందలేదు. దాన్ని బిగించిన స్క్రూ ఒకటి పొడుగెక్కువై రాగి గొట్టాన్ని గీరింది. గొట్టంలోకి గాలి కొట్టి, మీ బ్రష్‌ని సబ్బులో ముంచి ఆ గీత మీద రాశాను. ముందు ఆవగింజంత బుడగ లేచింది, తర్వాత గోళీకాయంత అయింది. టీచరమ్మ వంగి చూసి, మాస్టారిని పిలిచి ఆ బుడగ చూపించింది. మిగతా పదకొండు బండ్లూ విప్పించాం. కంతలు అన్నిటిలోనూ మూసుకుపోయాయి, గొట్టం ఇంకో నాలుగింటిలో గీరుకుంది.

మీ ఇంటావిడ ఇప్పుడు గ్యాస్ తనిఖీకి పెద్ద. నా కింద ముగ్గురు నేర్చుకుంటున్నారు. షెడ్డు గుమ్మం మీద ఎర్రరంగుతో "ముక్కు సంతకం చెల్లదు" అని రాసి ఉంది. అది రాసింది ఎవరో కాదు, ఫోర్‌మనే. ఆ సాయంత్రం తనే టీ తెచ్చి నా చేతికిచ్చి, యాలకులు వేసి కాయించాను, వాసన చూడండి అనేసి, నాలుక కరుచుకున్నాడు. ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. నా పేరు కూడా మారింది. ఇప్పుడు నేను బుడగమ్మని. మీ బ్రష్‌ని అద్దాల పెట్టెలో పెడదామంది మేడమ్. సోమవారం దానికి పని ఉందని చెప్పాను. మీకు కొత్తది కొన్నాను, వేరే పార్సిల్లో వస్తుంది. దాన్ని గడ్డానికి వాడే ముందు ఒకసారి మీ వంటగది గ్యాస్ గొట్టానికి వాడండి. మీ ముక్కు మీద నాకు నమ్మకమే, సబ్బునీళ్ల మీద ఇంకాస్త ఎక్కువ.

ట్రేలో కంతలు కోసి, ఎలుకలు రాకుండా జల్లెడ బిగించి, గొట్టాలు మార్చి పది రోజులకి టీచర్ల బండి పంపాం. నిన్న వాళ్ల దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అందులో ఒకే ఒక్క వాక్యం. "ఈ పొద్దున మెలకువ వచ్చినప్పుడే లేచాం." షెడ్డులో పైకి చదివి వినిపించాను. ఏడ్చాను కూడా, గర్వంగానే ఏడ్చాను.

ఆ కార్డు పట్టుకుని ఇంటికి వచ్చి, మీ సెంటు సీసా సీలు తీశాను. ఇన్నాళ్లూ తీయలేదు. తీస్తే, రాని వాసన గురించి మీకు అబద్ధం రాయాల్సి వస్తుందని తీయలేదు. మణికట్టుకి రాసుకుని అత్తయ్యకి చూపించాను, వాన పడ్డ మట్టి వాసనన్నారు. అమ్మాయి కొత్త పుస్తకం వాసనంది. ఇవాళ ఫోర్‌మన్‌ని అడిగితే తుమ్మాడు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ దుకాణంలో అన్ని సీసాలుండగా దీన్నే ఎందుకు తీసుకున్నారు? అక్కడ వాసన చూసినప్పుడు మీకు ఏం గుర్తొచ్చింది? వివరంగా రాయండి. మీరు ఏది రాస్తే నాకు అదే దీని వాసన. మీరు ఓడ దిగే రోజు రాసుకుని వస్తాను.

ఇట్లు,
తొక్కలు చూసి మీ వంటని మెచ్చుకున్న
మీ ఇంటావిడ