మోట మీద ఆగిన పాట

మాఘమాసం, శుక్రవారం రాత్రి

పొద్దున బావి దగ్గర ఎడ్లతో మోట తోలుతుంటే నాలుగో బొక్కెనకే దమ్ము పట్టుకుంది, ఊపిరందక పాట ఆగిపోయింది. పాట ఆగితే మా ఎడ్లు అడుగు కదపవు. బాపు చనిపోయినప్పటి నుంచి వాటికి నా గొంతే అలవాటు. అమ్మ వచ్చి పగ్గం అందుకుని పాడింది. అవి చెవులు కూడా ఆడించలేదు. వరి మడి సగమే తడిసింది. నేను రొమ్ము పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను.

మునిమాపున గుట్టల్లో ఉంటున్న దళం నుంచి లింగన్న వచ్చాడు. నెల రోజులుగా ఆయన కోసమే చూస్తున్నాను.

"ఇయ్యాల నన్ను తోల్కపో అన్నా," అన్నాను.

ఆయన నా రొమ్ముకు చెవి ఆనించి విన్నాడు. "గుట్టల పోలీసులకు దొరకకుండ దాక్కున్నప్పుడు నీకు దగ్గొస్తే ఎట్ల తమ్మీ? పది మంది పానాలు పోతయి."

"నోట్లె గుడ్డ కుక్కుకుంట!"

"మరి ఊపిరెట్ల తీస్తవ్ రా పిచ్చోడా?"

నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. తిట్టబోతే ఆ తిట్టు కూడా దగ్గై వచ్చింది. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

దున్నేవాడిదే భూమి అని నేను దాచుకున్న కరపత్రాలన్నీ చెబుతున్నాయి. ఊపిరాడక దున్నలేని వాడి సంగతి ఒక్కదాంట్లోనూ లేదు. ఇక్కడ మోట తోలలేను, అక్కడ దాక్కోలేను. మరి నేను ఎక్కడ ఉండాలి?

ఇది రాస్తుంటే కొట్టంలో అమ్మ గొంతు వినిపిస్తోంది. ఎడ్ల పక్కన కూర్చుని, గొంతు బొంగురు చేసుకుని నా పాట నేర్చుకుంటోంది. మధ్య మధ్యలో పాట ఆపి, అచ్చం నాలాగే దగ్గుతోంది.

నేను దళంలోకే పోతాననుకుంటోందో, మరి బాపు దగ్గరికే పోతాననుకుంటోందో...