అమ్మమ్మకు పొగ లేని న్యోయో

అవీనో,

నేను కిసుము వెళ్తున్నాను, సాయంత్రానికి వస్తాను. మొక్కజొన్న, చిక్కుడు గింజలు నానబెట్టి, న్యోయో కోసం నల్లగిన్నెలో పోసి, పెరట్లో ఎండకు వంట ఉడికించే అద్దాల పెట్టెలో పెట్టాను. మధ్యాహ్నం బడి నుంచి రాగానే పెట్టెను ఎండ వైపు తిప్పు. మూత తీయకు, నీ ఆత్రం నాకు తెలుసు.

కంటి ఆపరేషన్ గాయం మానేదాకా అమ్మమ్మ పొగ దగ్గరికి పోకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా. ఈవిడేమో, "ఎండలో పెడితే బట్టలారతాయి గానీ గింజలుడుకుతాయా అల్లుడూ? ఇవాళా పచ్చిగా ఉంటే రేపు నేనే కట్టెలు ముట్టిస్తా" అని భీష్మించుకుంది. అందుకే ఇవాళ ఉడికి తీరాలి.

నిన్న ఉడకకపోవడం నా తప్పు కాదమ్మా. పాపం, గిన్నె మాడిపోతోందని ఆవిడే మామిడిచెట్టు నీడలోకి లాగింది. ఆ మాట అనకు, నొచ్చుకుంటుంది. మీ అమ్మదీ ఇదే గుణం, ఎండలో కోడిపిల్ల కనబడ్డా గొడుగు పట్టేది.

నాన్న

ఇంకో మాట. సైకిలు తీస్తూ పెరట్లోకి తొంగిచూశాను. అమ్మమ్మ పెట్టె పక్కనే పీట వేసుకు కూర్చుని, పక్కింటి అకెల్లోతో, "కాస్త జరగవే తల్లీ, నా గిన్నెకు ఎండ తగలకుండా అడ్డొస్తున్నావు" అంటోంది. నేను విన్నానని చెప్పకు.