నవాజ్‌ను చంపిన మహారాణి

సైనిక్‌పురి, జూన్ 3

అమ్మమ్మకు అనుపమ దండాలు,

ఫోన్‌లో నీకు వినపడదు, వాట్సాప్ నువ్వు చూడవు. అందుకే ఉత్తరం. మా ఆదివారం ఆట తెలుసుగా? టేబుల్ చుట్టూ కూర్చొని, పాచికలు వేసుకుంటూ, కథలో బతికే ఆట. నవాజ్, దయాకర్, మాధురి తలా ఒక వీరుడి వేషం కడతారు. కథ చెప్పేది నేను, వాళ్ళకు ఎదురొచ్చే రాక్షసుల్ని తయారుచేసేదీ నేనే. చివర్లో వచ్చే పెద్ద రాక్షసుణ్ణి బాస్ అంటాం.

నా బాస్‌లు నిలబడట్లేదు అమ్మమ్మా. మొన్నటివాడికి మూడు తలలు, నిప్పులు కక్కే తోక పెట్టా. సమోసాలు చల్లారకముందే చంపేశారు. "గిట్లయితే ఇంట్ల పండుకునుడే నయం" అన్నడు దయాకర్. ఇంకోసారి ఇట్లనే అయితే టేబుల్ ఖతం. జెర ఒక మంచి రాక్షసిని చెప్పు.

నీ అనుపమ

తా.క.: "రాక్షసుల గురించి అమ్మమ్మను అడుగుతా" అంటే, "సరైన మనిషినే అడుగుతున్నవ్" అంది అమ్మ.

మెట్టుగూడ, జూన్ 7

చిరంజీవి అనుపమకు అమ్మమ్మ దీవెనలు.

మూడు తలలవాడికి తలనొప్పి మూడింతలు. అంతకుమించి ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో ప్రశ్నపత్రాలు తయారుచేసినదాన్ని. ప్రశ్న పొడుగైనంత మాత్రాన కష్టం కాదు. చూడగానే "ఇది నాకొచ్చు" అనిపించేదే పిల్లల్ని ముంచుతుంది. రాక్షసి కూడా అంతే.

ఆమెను మహారాణిని చెయ్యి. కోరలొద్దు. వీరులు రాగానే లేచి ఎదురొస్తుంది, మంచినీళ్ళిస్తుంది, వాళ్ళ కష్టం చివరిదాకా వింటుంది. అబద్ధమాడదు. తను చేసేదంతా లోకం మేలుకే అని మనసారా నమ్ముతుంది. చిన్న చిన్న సాయాలు అడుగుతుంది: ఒక వంతెన కట్టమని, ఒక తలుపు తియ్యమని, ఒక దీపం ఆర్పమని. అన్నీ మంచి పనులే. దీపం ఆరాక గానీ తెలియదు, తమ ఊరిని తామే ఆమె చేతుల్లో పెట్టామని.

ఆశీస్సులతో,
విమలమ్మ

తా.క.: ఎవరిని చూసి రాశానని అడగకు. ఆవిడ మనవరాలి పెళ్ళికి వచ్చే వారం వెళ్ళాలి.

సైనిక్‌పురి, జూన్ 16

అమ్మమ్మా,

ఆఫీసు బస్సు వచ్చేస్తోంది, అందుకే కార్డు ముక్క. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశా. బ్రహ్మాండం! నిన్న నవాజ్ చచ్చిపోయాడు. మూడేళ్ళు మాతో ఉన్నవాడు, దీపం ఆర్పిన నిమిషంలోనే పోయాడు. మాధురి ఏడ్చింది. తర్వాత ఐస్‌క్రీం తిన్నాం. అంతా నీ చలవే.

నీ అనుపమ

తా.క.: వచ్చే ఆదివారం దయాకర్ వంతు.

మెట్టుగూడ, జూన్ 20

అనుపమకు (దీవెనలు ఈసారికి ఆపుతున్నాను),

నీ కార్డు అద్దాలు పెట్టుకొని ఒకసారి, తీసి ఒకసారి చదివాను. ప్రతి రంజాన్‌కూ మనింటికి షీర్ ఖుర్మా గిన్నె మోసుకొచ్చే పిల్లవాడు నా సలహా వల్ల పోయాడనుకున్నాను. ఆటో ఎక్కి చిలకలగూడలో వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసిన వాళ్ళమ్మ సబీహా నవ్వింది. దుఃఖంతో మతి చలించిందనుకొని, ఆమె రెండు చేతులూ పట్టుకొని ఏడ్చాను. "ఏమైందమ్మా, గింత పరేషాన్ అయితున్నరు? కూసోండ్రి" అని చాయ్ తెచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఏమీ ముట్టకూడదని వద్దన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "మా ఇంట్ల తాగరా?" అంది. అంతలో స్నానాల గదిలోంచి తల తుడుచుకుంటూ నవాజ్ వచ్చాడు.

రెండు కప్పులు తాగాను. ఒకటి మర్యాదకు, ఒకటి ప్రాయశ్చిత్తానికి.

పోయింది ఆటలో వాడి వీరుడని అప్పుడు తెలిసింది. నవ్వబోయాను, వాడు నవ్వలేదు. "ఆ వీరునికి మా తాత పేరు పెట్టుకున్న అమ్మమ్మా, వలీ అని. తాత నడిచినట్టే నడిపించిన మూడేండ్లు. ఆయన పోయినంక నాకు మిగిలింది గదే. వాళ్ళేమో ఐస్‌క్రీం తిన్నరు. మీరొక్కరే వచ్చిన్రు. ఇగ ఆ టేబుల్ కాడికి రాను."

చంపడం నేను నేర్పాను. పోయినవాడి ఇంటికి వెళ్ళాలని కూడా నేర్పాల్సింది. సగం తప్పు నాది. మిగతా సగం నీ దగ్గర ఉంచుకో.

విమలమ్మ

తా.క.: పరామర్శకు వెళ్ళి "వెళ్ళొస్తాను" అనకూడదని పెదవులు బిగబట్టి గుమ్మం దాటాను. పోయినవాడే ఎదురుగా నిలబడి "మళ్ళ రాండ్రి అమ్మమ్మా" అంటే ఏమనాలో ఏ శాస్త్రంలోనూ రాయలేదు.

సైనిక్‌పురి, జూన్ 29

అమ్మమ్మకు, తల వంచుకొని,

వలీ అన్నది వాళ్ళ తాత పేరని నాకు తెలియదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. నిన్న ముగ్గురం చిలకలగూడ వెళ్ళాం. నవాజ్ డాబా ఎక్కి, మేము వెళ్ళేదాకా దిగలేదు. ఇంటికొచ్చినంక దయాకర్ కూడా నా ఫోన్లు ఎత్తుతలేడు. మాధురి తన పాచికలు నాకిచ్చేసింది. ఈ టేబుల్ పోతే నాకు ఆదివారమే లేదు అమ్మమ్మా.

ఆటలో చచ్చినవాళ్ళను లేపే మంత్రం ఉంది. వలీని బతికించనా?

అనుపమ

తా.క.: నీకు రెండు కప్పులా? మాకు మంచినీళ్ళు కూడా రాలేదు.

మెట్టుగూడ, జూలై 4

చిరంజీవి అనుపమకు (దీవెనలు మళ్ళీ మొదలుపెట్టాను),

బతికించకు. మంత్రంతో లేపేస్తే, వాడు ఏడ్చిన ఏడుపుకు విలువేముంది? వలీ పోయాడు. పోయినట్టే ఉండనీ.

నవాజ్ నాలుగు సాయంత్రాలుగా నా దగ్గరకు వస్తున్నాడు. మొదటి రోజు తాత గురించి చెప్పాడు. రెండో రోజూ అదే. మూడో రోజు తెల్ల కాగితాలు అడిగాడు. ఇద్దరం కూర్చొని ఒక రాక్షసిని తయారుచేశాం. ఈ ఆదివారం టేబుల్ మా ఇంట్లో. కథ చెప్పే కుర్చీ నవాజ్‌ది. నువ్వు ఎదురుగా, వీరుల వరుసలో. పోతే నీకు నిజంగా దుఃఖం కలిగే మనిషిని తయారుచేసుకొని రా.

రాక్షసికి కోరల్లేవు. నవ్వుమొహం, చురుకు, అందరికీ ఇష్టం. ఎవరికి ఏ దెబ్బ తగిలిందో వెనక్కి తిరిగి చూడదు, అంతే. పేరు తోచక అవస్థ పడుతుంటే, నిన్న మాధురి వచ్చి కాగితం చదివి, "ఇది మన అనుపమే గదా!" అంది. నవాజ్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకొని ఆ పేరే ఖాయం చేశాం.

నీ మేలు కోరే,
అమ్మమ్మ

తా.క.: ఆమె కత్తికి లొంగదు. ఇంకో దారి ఉంది. అది నీకే దొరుకుతుందని నవాజ్ గట్టిగా చెబుతున్నాడు. నేను అంత గట్టిగా చెప్పలేను.

ఇంకో తా.క.: నేనూ ఆడుతున్నాను, మీ పక్షాన. రాక్షసి పక్షం ఇమ్మని అడిగాను. "వద్దమ్మమ్మా, ఒక్క వీరుడు సుత మిగలడు" అన్నాడు నవాజ్.