టీకి ముందు ప్రసంగం

గోపాలపట్నం, 14-8-2003

చి. శ్రీసత్యకు, నేను క్షేమం. వృద్ధాశ్రమం వాళ్లు ఫోన్లో చెప్పే ఉంటారు, అయినా నా అంతట నేను ఒప్పుకోవాలి. సోమవారం సాయంత్రం హాల్లో, గీతలో చెప్పినట్టు కోపాన్ని జయించడం గురించి ఆవేశంగా చెబుతున్నాను. నా గదిలోనే ఉండే ఎల్లారావు, ఒకప్పుడు సముద్రంలో వేటకెళ్లిన మనిషి, "ఆకలేస్తంది బావా, నీ కృష్ణుడు టీ తాగడేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. చేతిలోని శ్లోకాల పుస్తకంతోనే అతని చెంప మీద కొట్టాను.

ఆయా ఈశ్వరి తప్పెవరిదని అడగలేదు. అతన్ని వరండాలో కూర్చోబెట్టి వచ్చి, "నీకూ ఆకలేస్తంది తాతా, ముందీ బిస్కెట్టు తిని టీ తాగు" అంది. ఇక్కడి గొడవలన్నీ టీకి ముందు అరగంటలోనే అవుతున్నాయని రిజిస్టరులో ఎప్పటినుంచో రాసుకుంటోందట. ఆ అరగంటా నా ప్రసంగానిదే. అది చూసి ఆశ్రమం వాళ్లు ఇక టీ ముందు, ప్రసంగం తరువాత అన్నారు. ఇరవై ఏళ్లు శ్లోకాలు వల్లించినవాణ్ని, ఒక బిస్కెట్టు ముందు తలదించుకున్నాను.

ఎల్లారావు నాతో మాట్లాడడం లేదు. అతనికి పళ్లు లేవు, పూతరేకులు పంపు. బాబుకి దగ్గు తగ్గిందా? కొట్టిన చేత్తో దీవెనలు రాయలేకపోతున్నాను. అతను మళ్లీ బావా అని పిలిచేదాకా ఆగు తల్లీ.

మీ నాన్న