ఏడో దారిలో నాలుగు నిమిషాలు

4 నవంబరు, మంగళవారం

పొద్దున మా ఆయన తన ఫోను నా చేతిలో పెట్టి, ఇందులో ఉన్నదంతా విని మంచి కాగితాల మీద రాసిపెట్టమన్నారు. రన్నింగ్ క్లబ్బువాళ్లు బయటి ఊళ్లవాళ్ల కోసం పుస్తకం వేస్తారట. సముద్రం పక్కన, పొలాల మధ్య పరిగెత్తడానికి పది దారులు. పరిగెడుతూ రాయలేరు కదా, అందుకని దారి పొడుగునా ఫోన్లో చెప్పుకుంటూ పోతారు. రోడ్ల ఆఫీసులో ముప్పై ఏళ్లు టేపు పట్టిన మనిషి. అడుగు తేడా రానివ్వరు.

నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని, అచ్చుకి అదే వాడొచ్చని క్లబ్బులో చెప్పారట. నాకెప్పుడూ చెప్పలేదు.

డాక్టరు పరిగెత్తమన్నప్పటి నుంచి ఆయన ఐదింటికే లేస్తున్నారు. నేను ప్రార్థనకి లేచేదీ ఐదింటికే. ఒకే ఇంట్లో ఇద్దరం లేస్తాం, చెరో దిక్కుకి పోతాం.

6 నవంబరు

మొదటి దారి రాశాను. ఆయన మాటల వెనక ఇంకో ఊపిరి వినిపిస్తోంది. ఆడమనిషి ఊపిరి.

ఈల. స్కూల్లో డ్రిల్లు టీచరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను, మనసులో. నలభై అయిదుంటాయి. భర్త పోయి ఆరేళ్లయింది. క్లబ్బులో అందరికంటే ముందు ఆవిడ, ఆవిడ వెనకే మా ఆయన.

7 నవంబరు

మార్కెట్లో కనపడి నన్ను అక్కా అని పిలిచింది. వదినా అని పిలిచి ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేది.

12 నవంబరు, బుధవారం

నాలుగో దారి. మాట్లాడేది మా ఆయనేనా అని రెండుసార్లు అనుమానం వచ్చింది. ఉప్పు మళ్ల మీద ఎండ పడితే నేల మీద అద్దాలు ఆరబెట్టినట్టుందట. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఉప్పు గురించి ఈ మనిషి నాతో అన్నది ఒక్కటే, కూరలో తగ్గిందని.

ఈల నవ్వింది. ఆఫీసు రిపోర్టులు కూడా ఇలాగే రాసేవారా సార్ అని అడిగింది. ఆయనా నవ్వారు. ఆ తర్వాత, చిన్నప్పుడు సముద్రమంటే తనకి భయమని, ఇప్పటికీ మోకాలు దాటి నీళ్లలోకి దిగరని చెప్పారు. ఆవిడకి.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఎన్నిసార్లో రాయను. దేవుడు లెక్కపెట్టుకునే ఉంటాడు.

పుస్తకంలో మాత్రం "మూడు కిలోమీటర్ల దగ్గర కుడివైపు ఉప్పు మళ్లు" అని రాశాను. అద్దాలు రాయలేదు.

13 నవంబరు

అసూయ పాపం. తెలుసు. తెలిసే పడుతున్నాను.

19 నవంబరు, బుధవారం

ఏడో దారి. అన్నిటికంటే అందమైనదట. కల్వర్టు దగ్గర ఎడమకి తిరిగితే జంట తాటిచెట్లు, తర్వాత చేపల వలలు ఆరేసే ఇసుక, తర్వాత సముద్రపు పాయ, అవతల తోపుతో సరి అని మొదట్లోనే చెప్పేశారు. పాయకి అడ్డంగా రాళ్ల గట్టు. అక్కడికి వచ్చేసరికి అడుగుల చప్పుడు నెమ్మదించింది. ఆవిడ అయ్యో అంది.

"చెయ్యి ఇవ్వండి. భయం లేదు, నేనున్నాగా."

ఆయన గొంతే. అంత మెత్తటి గొంతు ఆయనకి ఉందని నాకిప్పుడే తెలిసింది. తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. అలల చప్పుడొక్కటే.

ఫోను బోర్లా పెట్టేశాను. ఇంకా నాలుగు నిమిషాలుంది. వినలేదు, వినను. "గట్టు దాటి నేరుగా వెళ్తే తోపు వస్తుంది. అక్కడితో దారి ముగుస్తుంది" అని రాసేసి కలానికి మూత పెట్టాను. ముగుస్తుంది అన్న మాట గట్టిగా నొక్కినట్టున్నాను, కాగితం వెనక్కి పొడుచుకొచ్చింది.

30 నవంబరు, ఆదివారం

పుస్తకం వచ్చింది. రెండొందల కాపీలు. చివరి పేజీలో చేతిరాత అని నా పేరు వేశారు. ఆయన అట్ట చూసి, పేజీలు గబగబా తిప్పి, బాగుందన్నారు. చదవలేదు. తన దారులు తనకి కొత్తా ఏమిటి?

14 డిసెంబరు, ఆదివారం

రెండు ఆదివారాలుగా ఈల ఆయనతో పరుగుకి రావడం లేదు. వేరే పనుందని చెప్పిందట. ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చారు. నేను ఇంకాస్త వడ్డించాను. కూనిరాగం తీస్తున్నావేంటని అడిగారు.

దేవుడు విన్నాడు. ఆవిడకి ఏ ఆపదా రాకూడదని కోరుకున్నాను. అలాగని ఆదివారం తీరిక కూడా దొరక్కూడదని. మెత్తగానే అడిగాను.

21 డిసెంబరు, ఆదివారం. ఉదయం 9:40

కాళ్లకంటిన ఇసుక ఇంకా కడుక్కోలేదు. వరసగా రాస్తాను.

ఫోన్లో మెమరీ నిండిపోయింది, పాత రికార్డింగులు తీసెయ్యమని ఫోను నాకిచ్చి ఆయన ఐదున్నరకి తోట దారిన పరుగుకి వెళ్లారు. ఒక్కొక్కటీ తీసేస్తూ ఏడో దారి దగ్గర ఆగాను. ఆ నాలుగు నిమిషాల్లో ఏముందో వినకుండా తీసెయ్యడానికి మనసొప్పలేదు. విన్నాను.

ముందు చాలాసేపు అలలే. ఆవిడ దణ్ణం సార్, బతికించారు అంది. తర్వాత ఆయన గొంతు ఫోనుకి దగ్గరగా వచ్చింది.

"ఇదిగో, నీకే చెప్తున్నా. ఇది పెద్ద అక్షరాలతో రాయి. పోటు వచ్చినప్పుడు ఈ గట్టు మునిగిపోతుంది. అప్పుడు ఎవరూ దాటకూడదు. వంతెన మీంచే వెళ్లాలి. రాశావా?"

పది దారుల్లో ఆయన నాతో మాట్లాడింది అక్కడొక్కచోటే.

గడియారం ఆరు చూపిస్తోంది. ఆదివారం. బయటి ఊళ్లవాళ్లు నా పుస్తకం పట్టుకుని వచ్చే రోజు. ఎవరికి ఫోను చెయ్యను? క్లబ్బువాళ్లు పరుగులో ఎత్తరు, ఆయన ఫోను నా చేతిలోనే ఉంది.

పరిగెత్తాను. స్కూలు మానేశాక ఇదే మొదటిసారి. మలుపులో ఒక చెప్పు తెగింది, రెండోది నేనే విసిరేశాను. చుట్టాలొచ్చినప్పుడు తప్ప నేను సముద్రం వైపు వెళ్లను, ఈ పాయ వైపైతే అసలు వెళ్లలేదు. కానీ దారి అడగాల్సిన అవసరం రాలేదు. కల్వర్టు దగ్గర ఎడమకి. జంట తాటిచెట్లు. వలలు ఆరేసిన ఇసుక. అన్నీ నేను రాసిన చోటే ఉన్నాయి. గుండె నోట్లోకి వస్తున్నా ఒకటనిపించింది. ఇంత బాగుందా ఇక్కడ? ఇన్నాళ్లూ ఇదంతా ఆవిడ చూసిందా?

పాయ దగ్గర గట్టు లేదు. నీళ్లే ఉన్నాయి. ఆ నీళ్ల ముందు, రాయి మీద ఈల కూర్చుని ఉంది. అప్పుడే ముగ్గురు కుర్రాళ్లని ఈల ఊది ఆపి, వంతెన వైపు పంపిస్తోంది. వాళ్ల చేతుల్లో నా పుస్తకం.

నేను ఇసుకలో కూలబడ్డాను. ఆవిడ మంచినీళ్లిచ్చింది. పుస్తకం వచ్చిన రోజే చదివిందట. ఏడో పేజీ చూడగానే పోటు మాట లేదని తెలిసిందట. బయటివాళ్లు ఆదివారాలే వస్తారు కాబట్టి ఆదివారాలు ఇక్కడ కాపలా కాస్తోందట. ఆయనకెందుకు చెప్పలేదని అడిగాను.

"మిమ్మల్ని అంటారక్కా. కొలత తప్పితే ఆయన నోరెలా ఉంటుందో నాకు తెలుసు. రెండో అచ్చులో మీతోనే మెల్లగా దిద్దిద్దామనుకున్నా."

నాకు తెలుసు అంది. ఎలా తెలుసు? మునిగిపోయిన గట్టు ముందు, ముగ్గురి ప్రాణాలు నిలబెట్టిన మనిషి ఇచ్చిన నీళ్లు తాగుతూ, నాకొచ్చిన ఆలోచన అది. ఇంతకాలం ఆవిడ కాళ్లని చూసి, నవ్వుని చూసి ఏడ్చాను. ఇప్పుడు మంచితనాన్ని చూసి కూడా ఏడవాలి.

22 డిసెంబరు

ఆయనకి చెప్పేశాను. ఏడో పేజీ చదివి కళ్లజోడు తీశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎందుకు ఆపేశావని అడిగారు. ఛార్జింగ్ అయిపోయిందన్నాను.

దేవుడికి మాత్రం నిజం చెప్పాను.

క్లబ్బులో మిగిలిన కాపీలు నూట ఇరవై. అన్నిట్లోనూ నేనే ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాయాలి. జనం చేతుల్లోకి వెళ్లిన ఎనభైని ఏం చెయ్యలేం. గట్టు దగ్గర బోర్డు పెట్టడానికి రోడ్ల ఆఫీసువాళ్లు రెండు నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా ఆదివారాలు ఎవరో ఒకరు నిలబడాలి. టీచరుగారూ నేనూ నిలబడతాంలే అన్నారు ఆయన.

తప్పు నాది, నేనే నిలబడతానన్నాను. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది.

28 డిసెంబరు, ఆదివారం

ఈ వారం పొద్దున్నే ఆటు. గట్టు ఆరే ఉంది. ఆపాల్సినవాళ్లెవరూ లేరు. అయినా ఎనిమిది దాకా ఉన్నాను.

4 జనవరి, ఆదివారం. ఉదయం 6:35, పాయ దగ్గర

నీళ్లు గట్టెక్కాయి. నలుగురొచ్చారు, వంతెన వైపు పంపించాను.

ఇప్పుడే ఆయనా ఆవిడా అవతలి ఒడ్డు మీద పరిగెడుతూ వెళ్లారు. నేనిక్కడ ఉన్నాను కదా, ఆవిడకిప్పుడు ఆదివారాలు తీరికే. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపారు.

నేనూ చెయ్యెత్తాను. దాటొద్దని పొద్దుట్నుంచీ అందరికీ ఎత్తుతున్న చెయ్యే.